నిపుణులు ఏకమైతే చాలదు, ఎలా ఏకమయ్యారో తెలియాలి

నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అవుతోందని ముప్పై అయిదేళ్ల మహిళ ఆసుపత్రికి వస్తే గర్భసంచి తీసేయాలా, ముందు మందులతో ప్రయత్నించాలా? రక్తహీనత ఎంతుంది, ఫైబ్రాయిడ్లు ఉన్నాయా, హార్మోన్ మందులు వాడి చూశారా, ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా అన్న ఒక్కో జవాబుతో నిర్ణయం మారిపోతుంది. తెలుగువారికి ఇది దూరపు సమస్య కాదు. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందువరుసలో ఉన్నాయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అనవసరమైన ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అంతవరకూ బాగానే ఉంది. అయితే ఏది అవసరం, ఏది అనవసరం అన్న గీత ఎవరు గీస్తారు, ఏ పద్ధతిలో గీస్తారు అన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. దానికి సరైన జవాబు దొరికితేనే మార్గదర్శకాలకు విలువ.

పరిశోధనలే చెబుతాయి కదా అనిపించవచ్చు. చెప్పగలిగినంత మేరకు చెబుతాయి. కానీ వైద్య ప్రయోగాల్లో చేర్చుకునే రోగులు ఒక మూసలో ఉంటారు. ఆసుపత్రికి వచ్చేవారు అలా ఉండరు. ఒకరికి రక్తహీనతతో పాటు షుగర్ ఉంటుంది, మరొకరికి ఫలానా మందు పడదు. ఇన్ని కలయికల్లో ప్రతిదానిపైనా ప్రయోగం చేయడం అసాధ్యం. గుండె జబ్బులపై ఎంత పరిశోధన జరిగిందో అందరికీ తెలుసు. అలాంటి రంగంలోనే అమెరికా గుండె వైద్య సంఘాల మార్గదర్శకాలను 2009లో పరిశీలిస్తే, అత్యున్నత స్థాయి ఆధారాలున్న సిఫారసులు 11 శాతం మాత్రమే. 48 శాతం సిఫారసులు ఆధారాల మెట్లలో అట్టడుగున ఉన్నాయి. అంటే ప్రధానంగా నిపుణుల అభిప్రాయం, అమల్లో ఉన్న అలవాటు వాటికి ఆసరా. కాబట్టి అభిప్రాయం లేకుండా వైద్యం నడవదు. ఆ అభిప్రాయాన్ని ఎలా సేకరిస్తాం అన్నదొక్కటే మన చేతిలో ఉంది.

పద్ధతి లేకుండా సేకరిస్తే ఏమవుతుందో చరిత్ర చెబుతోంది. గుండెపోటు వచ్చినవారికి గుండె లయ తప్పకుండా ముందుజాగ్రత్తగా లిడోకైన్ ఇవ్వాలని పెద్దలు పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. దానివల్ల ప్రాణాలు నిలుస్తున్నాయని ప్రయోగాలు చూపకపోయినా రాస్తూనే ఉన్నారు. మరోవైపు రక్తపు గడ్డను కరిగించే మందులతో మరణాలు తగ్గుతాయని అన్ని ప్రయోగాల ఫలితాలనూ కలిపి చూస్తే 1970ల్లోనే తేలేది. పాఠ్యపుస్తకాలు, సమీక్షా వ్యాసాలు ఆ సలహాకు రావడానికి దశాబ్దం పైనే పట్టింది. ఈ తేడాను 1992లో ఒక అధ్యయనం వరుసపెట్టి చూపించింది. లయ సరిచేసే వేరే రెండు మందులు, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్, మరీ విషాదాన్ని మిగిల్చాయి. గుండెపోటు నుంచి కోలుకున్నవారికి అవి మేలు చేస్తాయని వైద్యులు గట్టిగా నమ్మారు. 1991లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో మందు వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయినవారు 26 మంది. అందరూ ఒకే మాట మీద ఉన్నంత మాత్రాన అది నిజమైపోదు. పైగా ఒకే గదిలో కూర్చున్నప్పుడు నలుగురితో నారాయణ అనడం మనిషి స్వభావం. మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ యాష్ 1950ల్లో చేసిన ప్రయోగాల్లో, కళ్లెదుట ఉన్న గీతల పొడవు విషయంలోనే మనుషులు మూడింట ఒక వంతు సందర్భాల్లో గుంపు చెప్పిన తప్పు జవాబునే చెప్పారు. విభాగాధిపతి ముందు కూర్చున్న యువ డాక్టరు పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఈ బలహీనతను ఎరిగి రూపొందించినవే ఏకాభిప్రాయ పద్ధతులు. అమెరికాలోని ర్యాండ్ సంస్థ 1950ల్లో సైనిక అంచనాల కోసం డెల్ఫీ అనే పద్ధతిని తయారుచేసింది. నిపుణులు ఒకచోట చేరరు, ఒకరి పేరు మరొకరికి తెలియదు. ప్రశ్నావళికి విడివిడిగా జవాబిస్తారు. అందరి జవాబుల సారాంశం చూసుకుని రెండోసారి, అవసరమైతే మూడోసారి జవాబిస్తారు. ఆ తర్వాత 1980ల్లో అదే సంస్థ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో కలిసి, వైద్యానికి తగినట్టు దాన్ని మార్చి ఎదురెదురు చర్చను కూడా చేర్చింది. ఈ పద్ధతిలో నిపుణుల కమిటీ ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడాలి. సాధారణంగా తొమ్మిది మంది ఉంటారు. ముందుగా ఆ విషయంపై వచ్చిన పరిశోధనలన్నింటి సమీక్ష వారి చేతికి అందుతుంది. తర్వాత వందల కొద్దీ సందర్భాల జాబితా వస్తుంది. “వయసు 40 లోపు, ఫైబ్రాయిడ్లు లేవు, రక్తహీనత ఉంది, హార్మోన్ మందులు ఇంకా వాడలేదు: గర్భసంచి తీయవచ్చా?” ఇలా ఉంటుంది ఒక్కో ప్రశ్న. ఇంట్లో ఒంటరిగా కూర్చుని 1 నుంచి 9 వరకు మార్కు వేయాలి. మేలు కన్నా కీడు ఎక్కువైతే 1 నుంచి 3, ఎటూ తేలకపోతే 4 నుంచి 6, మేలే ఎక్కువైతే 7 నుంచి 9. ఖర్చు సంగతి ఇక్కడ చూడరు. తర్వాత సమావేశమైనప్పుడు ప్రతి సభ్యుడి ముందూ ఒక కాగితం ఉంటుంది. తన మార్కు, మిగతావారి మార్కులు ఎక్కడెక్కడ ఉన్నాయో అందులో కనిపిస్తాయి గానీ పేర్లు కనిపించవు. తేడా ఎక్కువగా ఉన్నచోట చర్చిస్తారు. ఆపై మళ్లీ ఎవరికి వారే మార్కులు వేస్తారు. ముగ్గురు ఒక కొసన, మరో ముగ్గురు రెండో కొసన ఉంటే “ఏకాభిప్రాయం లేదు” అని రాసేస్తారు. బలవంతంగా ఒప్పించరు. ఈ పద్ధతికున్న అసలు బలం ఇదే.

ఇది పనిచేస్తుందా? 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో కాలిఫోర్నియాకు చెందిన దాదాపు 500 మంది మహిళల రికార్డులను ఇలాంటి కమిటీ గీసిన గీతలతో పోల్చారు. గర్భసంచి తొలగింపుల్లో సుమారు 70 శాతం ఆ గీతకు నిలవలేదు. సరైన పరీక్షలు చేయకపోవడం, ముందు వేరే చికిత్స ప్రయత్నించకపోవడం ప్రధాన కారణాలు. లండన్ రోగులపై 2001లో వచ్చిన అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. గుండెకు బైపాస్ ఆపరేషన్ సముచితమని తొమ్మిది మంది కమిటీ లెక్క ప్రకారం తేలినా మందులతోనే సరిపెట్టినవారిలో మరణాలు, గుండెపోట్లు, ఆపరేషన్ చేయించుకున్నవారికన్నా ఎక్కువగా కనిపించాయి. అది యాదృచ్ఛిక ప్రయోగం కాదు గనుక అంతిమ రుజువు అనలేం. కానీ కమిటీ మార్కులకు రోగుల భవిష్యత్తుతో సంబంధం ఉందని అది చూపింది.

“సైన్సు ఓట్లతో తేలేదా?” అనేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఓట్లతో నిజం తేలదు. ఆధారాలు స్పష్టంగా ఉన్నచోట కమిటీ చేయాల్సింది వాటిని అనుసరించడమే. ఆధారాలు ఆగిపోయిన చోట మాత్రం ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోక తప్పదు. ఒక్క డాక్టరు మనసులో మూసిన తలుపుల వెనుక జరిగే నిర్ణయం కన్నా, కారణాలు కాగితంపై పెట్టిన తొమ్మిది మంది నిర్ణయాన్ని ప్రశ్నించడం తేలిక. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: కమిటీలో ఎవరు కూర్చుంటే వారి మాటే వస్తుంది కదా? కొంతవరకు నిజం. ఆపరేషన్ చేసేవారు ఆ ఆపరేషన్‌కు ఎక్కువ మార్కులు వేస్తారని అధ్యయనాలు చూపాయి. ఒకే జాబితాను మూడు వేర్వేరు కమిటీలకు ఇచ్చి 1998లో పోల్చినప్పుడు, గుండె రక్తనాళాల చికిత్సల్లో నిర్ణయాలు బాగా కలిశాయి, గర్భసంచి తొలగింపు విషయంలో అంతగా కలవలేదు. దీనికి పరిష్కారం ఈ పద్ధతిని వదిలేయడం కాదు. సర్జన్లతో పాటు ఫిజీషియన్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు, నర్సులు, ఆ జబ్బును అనుభవించినవారు కూర్చోవాలి. మందుల కంపెనీలతో ఎవరికి ఏ సంబంధం ఉందో ముందే బయటపెట్టాలి.

విపత్తు వచ్చినప్పుడు ఇంత తీరిక ఎక్కడుంటుందన్నది మూడో మాట. కోవిడ్ కాలాన్నే తీసుకుందాం. మన 39 ఆసుపత్రుల్లో 464 మందిపై భారత వైద్య పరిశోధన మండలి జరిపిన ప్రయోగంలో ప్లాస్మా చికిత్స మరణాలను తగ్గించలేదని తేలింది. ఆ ఫలితాలు 2020 అక్టోబరులో అచ్చయ్యాయి. జాతీయ మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించింది 2021 మే నెలలో. మధ్యలో రెండో అల విరుచుకుపడింది. తమవారి కోసం ప్లాస్మా దాతలను వెతుక్కుంటూ కుటుంబాలు పడిన పాట్లు ఎవరూ మరచిపోలేదు. ఆధారం మన దగ్గరే ఉంది. దాన్ని వెంటనే బల్ల మీద పెట్టి, ఫలానా తేదీలోగా తిరిగి మార్కులు వేసి తీరాలన్న కట్టుబాటు ఉంటే ఆ జాప్యానికి అంత చోటుండేది కాదు. తొందరలో ఉన్నప్పుడే పద్ధతి అవసరం మరింత ఎక్కువ.

మార్గదర్శకం డాక్టరు చేతులు కట్టేయడానికి కాదు. కారణం రాసి దాన్ని దాటే హక్కు ఆయనకు ఎప్పుడూ ఉండాలి. మన ఆరోగ్యశాఖలు, వైద్య సంఘాలు ప్రతి మార్గదర్శకంతో పాటు నాలుగు విషయాలు తప్పక ప్రచురించాలి: కమిటీలో ఎవరున్నారు, ఏ ఆధారాలు చూశారు, ఎక్కడ విభేదించారు, మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారు. అవి తెలుగులోనూ ఉండాలి. పెద్ద ఆపరేషన్ చేయించుకోమన్నప్పుడు “మార్గదర్శకం ఏం చెబుతోంది, నా విషయంలో అది ఎంత గట్టిది?” అని అడగడం రోగి హక్కు. అడగండి. జవాబు చెప్పడం వైద్యుడి బాధ్యత.