ఇసుక రేణువు దాచుకున్న ఎండ

కొత్తవలస జంక్షన్లో కాసేపు కూర్చుంటే ఇనుప ఖనిజం గూడ్సు ఒక్కటైనా ఎదురుపడుతుంది. బైలదిల్లా కొండల్లో తవ్విన ఖనిజం కిరండూల్ లైను మీదుగా ఘాట్ దిగి, మన ఊరు దాటి విశాఖకు పోతుంది. ఆ ఖనిజపు దుమ్ములోని ఎరుపు ఇనుముది. ఇక్కడి నుంచి పెందుర్తి, ఆనందపురం దాటి సముద్రం వైపు వెళ్తే, విశాఖ-భీమిలి రోడ్డు పక్కన కనిపించే ఎర్రమట్టి దిబ్బల ఎరుపూ ఇనుముదే. ఇది మాత్రం రైలెక్కి రాలేదు. కొండలు, గెడ్డలు, గాలి, సముద్రం కలిసి వేల ఏళ్లపాటు పోగుచేశాయి.

సినిమా పాటల్లో ఆ దిబ్బల్ని అందరం చూశాం. వెనక వైపు గెడ్డలోకి దిగి నడిచినవాళ్లు తక్కువ. లోపలికి పోయేకొద్దీ రెండు పక్కలా గోడలు లేస్తాయి. వర్షపు నీళ్లు కోసిన చాళ్లు వాటి మీద పైనుంచి కింద దాకా కనిపిస్తాయి. అరచేత్తో ఆనిస్తే ఎర్రపొడి అంటుకుంటుంది. కాస్త నీళ్లతో రుద్ది కడిగితే ఎరుపు వదిలి, అడుగున తెల్లటి రేణువులు మెరుస్తాయి. అది క్వార్ట్జ్. దాని మీద పట్టింది ఇనుప ఆక్సైడు పొర. గోడలో పొరలు కూడా వేరువేరుగా తెలుస్తాయి: అన్నిటికన్నా పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఆ కింద గట్టి గుళికలున్న ముదురు ఎరుపు, అడుగున మళ్లీ పసుపు.

ఈ ఇసుకకు పుట్టిల్లు మన వెనకున్న తూర్పు కనుమలే. ఆ కొండరాయిని భూగర్భశాస్త్రంలో ఖోండలైట్ అంటారు. మన కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికీ పెట్టారు. అందులో క్వార్ట్జ్‌తోపాటు గార్నెట్ ఉంటుంది, ఇల్మనైట్ ఉంటుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా, తాటిపూడి మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనిలాంటి ఏళ్లు ఆ రాతిపొడిని తీరానికి మోశాయి. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం పతాక స్థాయిలో ఉంది. చాలా నీరు నేల మీద మంచై నిలిచిపోవడంతో సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి జారింది. భీమిలి తీరం తూర్పుకు కిలోమీటర్ల దూరం వెనక్కి తగ్గింది. అలా బయటపడిన ఇసుక మైదానం నుంచి గాలి రేణువుల్ని లేపి ఇటు తోలింది. దిబ్బగా పేరుకున్నాక వానలూ ఎండలూ తగిలి గార్నెట్‌లాంటి ఖనిజాలు శిథిలమై, వాటిలోని ఇనుము రేణువులకు పట్టి ఎర్రబడింది.

ఇదంతా 20,000 ఏళ్ల కిందటి సంగతని ఎలా తెలిసింది? నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ సంగతే.

చెక్క, బొగ్గు, గవ్వ దొరికితే రేడియోకార్బన్‌తో వయసు కడతారు. విల్లార్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ తెచ్చిన పద్ధతి అది. కానీ అది దాదాపు 50,000 ఏళ్లు దాటితే పనిచేయదు. పైగా ఎర్ర ఇసుకలో కర్బనం పెద్దగా మిగలదు. అందుకే ఇసుకనే అడుగుతారు. భూమిలో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దిగా ఉంటాయి. భీమిలి తీరపు ఇసుకలో థోరియం ఉన్న మోనజైటు కూడా ఉంది. వాటి నుంచి వచ్చే రేడియేషన్ క్వార్ట్జ్ రేణువులో ఎలక్ట్రాన్లను ఇరికిస్తూ పోతుంది. ఎండ తగిలితే అవన్నీ విడుదలై ఖాతా సున్నా అవుతుంది. రేణువు పూడిపోయి చీకట్లో పడగానే మళ్లీ పోగవడం మొదలవుతుంది. రోజుకో రూపాయి వేసే పిల్లవాడి డిబ్బీ తెరిచి లెక్కపెడితే ఎన్ని రోజులైందో తెలిసినట్టే, రేణువులో చేరిన మొత్తాన్ని ఏడాదికి చేరే మోతాదుతో భాగిస్తే అది చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో వస్తుంది.

కాబట్టి నమూనా తీయడం కూడా జాగ్రత్తగా జరగాలి. గోడను చెక్కి, ఇనుప గొట్టాన్ని సుత్తితో అడ్డంగా దిగ్గొడతారు. బయటికి లాగగానే రెండు మూతలు బిగించి నల్ల సంచిలో చుడతారు. ప్రయోగశాలలో దాన్ని విప్పేది ఎర్ర దీపం కిందే, పాత స్టూడియోల్లో ఫోటోలు కడిగినట్టు. గొట్టం చివళ్లలో వెలుగు సోకిన ఇసుకను పక్కకు తీసి, నడిమి ఇసుకను శుద్ధిచేసి నీలి కాంతి చూపిస్తారు. ఇరుక్కున్న ఎలక్ట్రాన్లు విడుదలై రేణువు సన్నగా వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగే లెక్క. ఈ విద్య మన దేశంలో వేళ్లూనడానికి అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో అశోక్ సింఘ్వీ చేసిన కృషి ముఖ్యమైనది.

అయితే ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఏ చెట్లు ఉండేవో ఎర్రమట్టి చెప్పలేదు. గాలి ఆడే ఇసుకలో పుప్పొడి కుళ్లిపోతుంది. ఆ కబురు చెప్పాల్సింది గాలి సోకని బురద.

తామరాకు మీద నీటిబొట్టు అంటాం కదా, బొట్టును అంటనివ్వనిది ఆకు మీది మైనం. అలాంటి మైనం అన్ని ఆకులకూ ఉంటుంది, వేల ఏళ్లైనా చెడదు. గోదావరి తన నేల మీది ఆకుల మైనాన్ని బురదతోపాటు సముద్రంలో దింపుతూనే ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, 1,200 మీటర్లకు మించిన లోతు నుంచి ఆ బురదను స్తంభంలా తీసింది. ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల సున్నపు పెంకులతో పొరలకు వయసు కట్టారు. చెట్లు, వరి ఒక రకంగా కర్బనాన్ని పీల్చుకుంటాయి. జొన్న, చోళ్లు, గంటెలు, ఎండకు ఓర్చే గడ్డి మరో రకంగా పీల్చుకుంటాయి. మైనంలోని కర్బనం ఆ తేడా చూపిస్తుంది. కమీలో పాంటన్, లివియు జోసాన్ బృందం 2012లో ప్రకటించిన ఫలితం ఇది: సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి వరకూ గోదావరి పరీవాహకంలో పొడినేల మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయి, ఆ తర్వాత అలాగే నిలిచిపోయాయి. మేఘాలయలోని మామ్లూ గుహ రాతి ఆధారంగా 2018లో శాస్త్రజ్ఞులు గడిచిన 4,200 ఏళ్లకు మేఘాలయన్ అని పేరు పెట్టారు. ఆ రాయి కూడా రుతుపవనాలు మందగించడాన్నే నమోదు చేసింది. మన తాతలు తాగిన చోడి అంబలి వెనక ఆ ఎండిన శతాబ్దాల చరిత్ర కూడా ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇలాంటి ఆధారాన్ని పోగొట్టుకోవడం మనకు కొత్త కాదు. ఇప్పటి నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద దొరికింది. శాస్త్రజ్ఞులు చదువుతుండగానే ఆ బూడిదను సబ్బుపొడి కోసం తవ్వి తరలించారు. భీమిలి దిబ్బల్ని 2014లో జియోలాజికల్ సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా 2024లో అక్కడ యంత్రాలు దిగాయి, జనం అడ్డుపడ్డారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో దిబ్బల పేరు చేరింది. జాబితాలో పేరుంటే సరిపోదు. హద్దురాళ్లు పాతాలి, కాపలా పెట్టాలి.

పొక్లెయిన్ బకెట్ తిరగేసిన ఇసుకకు ఎండ తగిలిన కొద్ది నిమిషాలకే 20,000 ఏళ్ల లెక్క సున్నా అవుతుంది. ఎత్తిన మట్టిని తిరిగి పోసి దిబ్బ ఆకారం తెచ్చినా ఆ వయసు తిరిగి రాదు. కొత్తవలస నుంచి సెలవురోజు పిల్లల్ని తీసుకుని వెళ్లండి. గెడ్డలో నడవండి, గోడల మీదికి ఎక్కకండి. తవ్వకం జాడ కనిపిస్తే ఫోటో తీసి ఆ రోజే కలెక్టరు కార్యాలయానికి తెలియజేయండి.