ఇంటిల్లిపాదితో కయాకింగ్: భయం వద్దు, జాగ్రత్త ముద్దు

మన శ్రీరాంపూర్‌కు గోదావరి ఎంతో దూరం లేదు. అయినా "మీలో ఎంతమందికి ఈత వచ్చు?" అని ఈ రోజు మన హాస్టల్లో అడిగితే ఎన్ని చేతులు లేస్తాయి? మేము ఉన్న రోజుల్లో మా గదిలో పద్దెనిమిది మందిమి ఉండేవాళ్లం. ఈత వచ్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు. మేము తొమ్మిదిలో ఉండగా, మాకంటే పై తరగతి అన్న ఒకరు సెలవులకు ఇంటికి వెళ్లి, గోదావరిలో స్నానానికి దిగి మళ్లీ రాలేదు. ఆయన రేకు పెట్టె చాలా రోజులు గది మూలనే ఉండిపోయింది. చివరికి వాళ్ల బాపు వచ్చి భుజాన పెట్టుకొని తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి "నీళ్ల దిక్కు పోవద్దు" అన్నదొక్కటే మాకు తెలిసిన జాగ్రత్త.

పోవద్దు అనుకుంటే జాగ్రత్త పూర్తయినట్టేనా? కాదని మాకు ఈ జనవరిలో తెలిసింది. పీజీ చదువుతున్న మన హాస్టల్ పాత విద్యార్థులం నలుగురం, రెండేళ్లు ట్యూషన్లు చెప్పిన డబ్బులు దాచుకొని, మా అమ్మానాన్నలను, తమ్ముళ్లను, చెల్లెళ్లను వెంటబెట్టుకొని విశాఖపట్నం వెళ్లివచ్చాం. మా పెద్దవాళ్లలో ఒక్కరూ అంతకుముందు సముద్రం చూడలేదు. అక్కడ కయాక్ అనే చిన్న పడవ ఎక్కాం. మేము నేర్చుకున్నది, తెలుసుకున్నది మీతో పంచుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాం.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

నీళ్లంటే మన ఇళ్లల్లో భయం ఎక్కువ. దానికి కారణం పిరికితనం కాదు. ఈత అనేది ఊరి బావిలో, ఊరి చెరువులో, నడుముకు బెండు కట్టి పెద్దవాళ్లు నేర్పే విద్య. ఆ బావి గట్టు ఎక్కనియ్యని తాతలకు మనం మనుమలం. మహారాష్ట్రలోని మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగడానికి బాబాసాహెబ్ అంబేడ్కర్ 1927 మార్చి 20న వేలమందితో కలిసి నడవాల్సి వచ్చింది. తాగడానికే పోరాటం చేయాల్సిన చోట ఈత ఎవరు నేర్పుతారు? మన దగ్గర లేని విద్య మనకు చేతకానిది కాదు, అందనీయనిది. అందుకే దాన్ని ఇప్పుడు అందుకోవాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. మన పిల్లలు కొండ ఎక్కగలిగినప్పుడు నీటి మీద ఎందుకు కూర్చోలేరు?

కయాక్ అంటే ఏమిటి?

కయాక్ అంటే ఒకరు లేదా ఇద్దరు కూర్చునే సన్నని, పొడవైన పడవ. ఇంజను ఉండదు, తెరచాప ఉండదు. రెండు చివరలా రెక్క ఉన్న ఒకే తెడ్డును రెండు చేతులతో పట్టుకొని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నీటిని వెనక్కి నెట్టాలి. దీన్ని కనిపెట్టినవాళ్లు మంచు ప్రాంతమైన ఉత్తర ధ్రువం దగ్గర బతికే ఇన్యూట్ జాతి ప్రజలు. చెట్లు పెరగని ఆ చోట, కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి దానిమీద సీల్ చేప తోలు బిగించేవారు. సీల్ నిజానికి చేప కాదు, పాలిచ్చే జంతువు. మన కృష్ణా, తుంగభద్రల మీద తిరిగే పుట్టి కూడా ఇలాంటిదే. వెదురు బద్దల బుట్టకు తోలు తొడిగేవారు. అంటే రెండు చోట్లా పేదవాడు తనకు దొరికిన దానితోనే నీటిని దాటాడు. వేటకు పుట్టిన ఆ పడవ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి ఆటల పోటీల్లో చేరింది.

ఇప్పటి కయాక్‌లు ప్లాస్టిక్‌వి. వీటిలో రెండు రకాలు. మొదటి రకంలో కాళ్లు పడవ లోపలికి పెట్టి కూర్చోవాలి. అది తిరగబడితే నీళ్లు నిండుతాయి, కాళ్లు బయటికి తీయడం నేర్చుకొని ఉండాలి. రెండో రకంలో పడవ పైనే కూర్చోవాలి. దాని పొట్ట మూసి ఉంటుంది, లోపల గాలి తప్ప మరేమీ ఉండదు. పైన పడిన నీళ్లు పోవడానికి అడుగు దాకా రంధ్రాలు ఉంటాయి. కాబట్టి అల వచ్చి మీద పడినా పడవ నిండదు. తిరగబడితే మనిషి నీళ్లలో పడతాడే గాని పడవ కింద చిక్కుకోడు. ఇంటిల్లిపాది ఎక్కడానికి రెండో రకమే మంచిది. అందులోనూ వెడల్పు ఎక్కువ ఉన్నది ఊగడం తక్కువ.

ఎక్కడ, ఎప్పుడు?

మేము వెళ్లింది రుషికొండ. విశాఖ నగరానికి ఎనిమిది కిలోమీటర్ల దూరం. మంచిర్యాలలో రైలెక్కి విజయవాడ మీదుగా వెళ్లాం. అక్కడ శిక్షకుల పర్యవేక్షణలో కయాక్‌లు ఎక్కిస్తారు. అంత దూరం పోలేనివారు ముందు మన దగ్గరే పెద్ద బోటు ఎక్కి నీటికి అలవాటు పడవచ్చు. నిర్మల్ జిల్లాలో కడెం ప్రాజెక్టు, కరీంనగర్‌లో దిగువ మానేరు జలాశయం అందుకు తగినవి. బోట్లు నడుస్తున్నదీ లేనిదీ బయలుదేరే ముందే కనుక్కోవాలి. గోదావరిలో మాత్రం మీ అంతట మీరు దిగవద్దు. పైన ఎల్లంపల్లి గేట్లు ఎత్తితే నీటిమట్టం చెప్పకుండా పెరుగుతుంది. ఇసుక తీసిన గుంతలు పైకి కనిపించవు. మోకాలి లోతు అనుకున్న చోట మరో అడుగు వేస్తే తల మునుగుతుంది. మా అన్న పోయింది అలాగే.

మన తూర్పు తీరంలో ఏ కాలం మంచిది? అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపాన్ల కాలం. హుద్‌హుద్ తుపాను విశాఖను దెబ్బతీసింది 2014 అక్టోబరు 12న. ఏప్రిల్, మే నెలల్లో ఎండలు, మళ్లీ తుపాన్ల భయం. జూన్ నుంచి నైరుతి గాలులకు సముద్రం ఎగసిపడుతుంది. మిగిలింది డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. రోజులో ఏ వేళ అంటే, ఉదయం ఏడు నుంచి పది లోపు. పొద్దెక్కినకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేలమీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. దాంతో మధ్యాహ్నానికి అలలు పెరుగుతాయి. ఉదయం నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. కాని తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుందని మరవద్దు. అది మనల్ని మెల్లగా లోపలికి తోస్తుంది. అందుకే ఒక సూత్రం: పోయేటప్పుడు ఎదురుగాలి ఉండాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి ఉండాలి. అప్పుడు అలసిన చేతులకు తిరుగు ప్రయాణం తేలిక.

జాకెట్ కథ

అన్నింటికంటే ముఖ్యమైనది లైఫ్ జాకెట్. మనిషి శరీరం దాదాపు నీటి అంత బరువే ఉంటుంది. అందుకే పూర్తిగా మునగదు, పూర్తిగా తేలదు. తల నీటి పైన నిలవడానికి పెద్దవారికి అదనంగా మూడు నుంచి అయిదు కిలోల బలం కావాలి. మామూలు జాకెట్ ఏడు కిలోల వరకు ఆ బలాన్ని ఇస్తుంది. ఈత రానివారికీ వచ్చినవారికీ ఇది ఒకటే. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడికి ఈత ఏం పనికి వస్తుంది?

మేము వెళ్లిన రోజు ఒక పడవల నిర్వాహకుడు అందరికీ ఒకే కొలత జాకెట్లు ఇచ్చాడు. మాలో ఒకరి చెల్లెలికి పదేళ్లు. ఆ పిల్లకు పెద్దవాళ్ల జాకెట్ తొడిగాడు. వదులుగా ఉందంటే "ఏం కాదు, ఒడ్డు దగ్గరే కదా" అన్నాడు. మేము చదువుకున్నవాళ్లమే అయినా మొహమాటపడి ఊరుకున్నాం. మాట్లాడింది బాపు. ఆయన శ్రీరాంపూర్ ఏరియాలో భూగర్భ బాయిలో కాంట్రాక్టు కార్మికుడు. పిల్ల జాకెట్‌ను రెండు భుజాల దగ్గర పట్టి పైకి లేపాడు. అది సులువుగా చెవుల దాకా వచ్చేసింది. "టోపీ, లైటు లేకుంట బాయిల దిగుతమా? దిగనియ్యరు. గిది గూడ గంతే. సరిపోయేది తెచ్చినంకనే ఎక్కుతం" అన్నాడు. మేమందరం ఇసుకలో కూర్చున్నాం. నలభై నిమిషాలకు చిన్న జాకెట్ వచ్చింది. పరీక్షల్లో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా, ఆ రోజు మా గురువు ఆయనే.

ఆయన చేసిందే అసలైన పరీక్ష. జాకెట్ వేసి, అన్ని బక్కిళ్లు బిగించి, భుజాల దగ్గర పైకి లాగాలి. గడ్డం దాటి పైకి వస్తే అది మీ కొలత కాదు. చిన్నపిల్లల జాకెట్‌కు తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. లేకపోతే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. ఒకసారి వేసుకున్న జాకెట్‌ను ఒడ్డుకు వచ్చేదాకా విప్పవద్దు, ఫొటో కోసమైనా సరే.

ఇది చాదస్తం అనుకునేవారికి ఒక్క మాట. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు వెళ్లిన పర్యాటక బోటు కచ్చులూరు వద్ద గోదావరి వరదలో మునిగింది. యాభై మంది వరకు చనిపోయారు. వారిలో మన తెలంగాణవారు, వరంగల్ దగ్గరి కడిపికొండకు చెందిన బంధుమిత్రులు ఉన్నారు. బోటును నీటిలోంచి తీయడానికే నెల దాటింది. నది ఉధృతంగా ఉన్నప్పుడు బయలుదేరకుండా ఉండటం, జాకెట్ ఒంటిమీద ఉండటం అన్న రెండు మాటల విలువ ఆ రోజు తెలిసింది.

పడితే ఏం చేయాలి?

కయాక్ నుంచి పడటం నేరం కాదు, వింత కాదు. శిక్షకుడిని అడిగి నడుము లోతు నీళ్లలో ముందే ఒకసారి కావాలని పడి చూడండి. మేము అలాగే చేశాం. సగం భయం అక్కడే పోయింది. పడగానే పడవను పట్టుకోవాలి. పడవను వదిలి ఒడ్డుకు ఈదాలని చూడవద్దు. మనిషి కంటే పడవ దూరానికి కనిపిస్తుంది. పక్క నుంచి పొట్ట మీద పడవ పైకి పాకి, ఆ తర్వాత తిరిగి కూర్చోవాలి.

ఒడ్డున స్నానం చేసేవారు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. ఒడ్డుకు వచ్చిన అలల నీళ్లు తిరిగి సముద్రంలోకి పోవడానికి కొన్నిచోట్ల ఒక సన్నని దారి చేసుకుంటాయి. రెండు పక్కలా అలలు విరుగుతూ, నడుమ మాత్రం నిమ్మళంగా కనిపించే చోటు అదే. అక్కడ దిగితే లోపలికి లాగేస్తుంది. దానికి ఎదురు ఈదితే అలసిపోతాం. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదిలి, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు రావాలి. ఆపదలో పిలవడానికి 112, సముద్రంలో అయితే తీర రక్షక దళం 1554 నంబర్లు ఫోనులో ఉంచుకోండి.

వెచ్చని తీరంలో చలి బాధ లేదు కాని ఎండ బాధ ఉంది. నీళ్ల మీద ఎండ పైనుంచే కాదు, కింది నుంచి కూడా తగులుతుంది. పూర్తి చేతుల చొక్కా, తాడు ఉన్న టోపీ, తాగే నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. అమ్మలు చీరతో ఎక్కకూడదు, కాళ్లకు చుట్టుకుంటుంది. మా అమ్మలు పంజాబీ డ్రెస్సులు వేసుకోవడానికి ముందురోజు రాత్రంతా నవ్వుకున్నారు. మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే ఎక్కాలి. మొదటిసారి అరగంట చాలు.

చివరగా

ఇద్దరు కూర్చునే కయాక్‌లో ముందున్నవారు లయ చూపాలి, వెనుకున్నవారు దిశ మళ్లించాలి. ఇద్దరూ ఒకేసారి ఒకే వైపు తెడ్డు వేస్తేనే పడవ ముందుకు పోతుంది. లేకపోతే రెండు తెడ్లూ కొట్టుకుంటాయి. మాలో ఒకరి అమ్మ ముందు, బాపు వెనుక కూర్చున్నారు. పది నిమిషాలు పడవ గుండ్రంగా తిరిగింది. "ఇరవై అయిదేండ్ల సంసన్రంల ఎన్నడన్న నా మాట ఇన్నవా, ఇప్పుడన్న ఇను!" అని అమ్మ అరిచింది. ఒడ్డున మేము పడీపడీ నవ్వాం. ఆ తర్వాత పడవ తిన్నగా పోయింది. నాట్లు వేసే చేతులకు లయ ఎవరు నేర్పాలి?

తిరిగి వచ్చాక ఆమె అన్న మాట ఒక్కటే. "పిల్లలకు ఈత నేర్పిచ్చుండ్రి." అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, పూర్వ విద్యార్థి మిత్రులారా! మనం ఏటా వార్షికోత్సవానికి చందాలు వేసుకుంటాం. ఈ ఏడాది అందులో కొంత భాగంతో వేసవి సెలవుల్లో మన హాస్టల్ పిల్లలకు, శిక్షకుడి సమక్షంలో ఈత నేర్పించే ఏర్పాటు చేద్దాం. మా నలుగురి మొదటి నెల ట్యూషన్ డబ్బులు ఇప్పటికే పక్కన పెట్టాం. గది మూలన మరో రేకు పెట్టె మిగలకూడదు.