క్యాన్సర్ కబురు చెప్పే చిట్టి ఆర్‌ఎన్‌ఏలు

కడుపు ఉబ్బరంగా ఉంటుంది. నాలుగు ముద్దలు తినేసరికే నిండిపోయినట్లనిపిస్తుంది. గ్యాసేమోలే అని జెలుసిల్ తాగుతారు. వయసు మీద పడుతోంది కదా, ఇవన్నీ మామూలేనని సరిపెట్టుకుంటారు. చివరికి ఎవరో పట్టుబట్టి స్కానింగ్‌కి తీసుకెళితే... అప్పటికే అండాశయం దాటి పొట్టలోకి పాకిన క్యాన్సర్! తమ బాధని అందరికన్నా ఆఖరున చెప్పుకునే అలవాటు మన అమ్మలది. చప్పుడు చేయకుండా పెరిగే స్వభావం ఈ జబ్బుది. రెండూ కలిస్తే జరిగేది ఇదే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ముందే పసిగట్టడానికి పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్షలున్నాయి. అండాశయానికి అలాంటిదేమీ లేదు. పొత్తికడుపు లోపల దాక్కుని ఉండే బాదంగింజంత అవయవం అది. రక్తంలో సీఏ-125 అనే ప్రొటీన్‌ని చూస్తారు కానీ, దాన్ని పూర్తిగా నమ్మలేం. నెలసరి సమయంలోనూ, ఎండోమెట్రియోసిస్ ఉన్నా అది పెరుగుతుంది. తొలిదశ క్యాన్సర్ ఉన్న చాలామందిలో పెరగనే పెరగదు. బ్రిటన్‌లో 2001 నుంచి రెండు లక్షల మందికి పైగా మహిళలతో పెద్ద అధ్యయనమే చేశారు. కొందరికి ఏటా సీఏ-125 పరీక్ష, కొందరికి స్కానింగ్, మిగిలినవారికి ఏదీ లేదు. 2021లో తుది లెక్క తేలింది. పరీక్షలు చేయించుకున్నవారిలోనూ ఆ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు!

అందుకే శాస్త్రవేత్తలు ఇప్పుడు ఆశగా చూస్తున్న వాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఒకటి.

పురుగు చెప్పిన రహస్యం

వీటి కథ మొదలైంది మనిషిలో కాదు, మట్టిలో బతికే ఓ పురుగులో. పేరు సి.ఎలిగాన్స్. పొడవు ఒక్క మిల్లీమీటరు. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అనే ఇద్దరు అమెరికన్లు సరిగ్గా ఎదగని పురుగుల్ని పట్టుకుని లోపం ఎక్కడుందా అని వెతికారు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర పనిచేసినవాళ్లే. లిన్-4 అనే జన్యువు ఆంబ్రోస్ బృందానికి చిక్కింది. తీరా చూస్తే అది ఏ ప్రొటీన్‌నీ తయారుచేయడం లేదు. 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్కని మాత్రం వదులుతోంది. ఆ ముక్క ఇంకో జన్యువు పంపిన సందేశానికి అతుక్కుని దాన్ని పనిచేయనివ్వడం లేదు. 1993లో ఈ సంగతి ప్రకటిస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పురుగుల గొడవ మనకెందుకు అనుకున్నారు మరి! 2000లో రవ్‌కన్ బృందం లెట్-7 అనే రెండోదాన్ని కనిపెట్టి, అది మనిషిలోనూ ఉందని చూపించాకే అందరి కళ్లూ అటు తిరిగాయి. 2024లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇంతకీ ఇవి చేసే పనేంటి? పెళ్లివారి వంటశాలని ఊహించుకోండి. డీఎన్‌ఏ వంటల పుస్తకం. అందులోంచి ఒక్కో వంటకానికి రాసిచ్చే చీటీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. వండి దించేది ప్రొటీన్. ‘పులిహోర చాలు, ఇక కలపొద్దు’ అని వంటవాడి చేతిలోని చీటీ లాక్కునే పెద్దమ్మే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. మన శరీరంలో ఇలాంటి పెద్దమ్మలు వెయ్యికి పైనే ఉన్నారు. ఒక్కొక్కరు ఎన్నో వంటకాల మీద కన్నేసి ఉంచుతారు. ఎవరైనా పక్కకు తప్పుకున్నా, మరీ పెత్తనం చేసినా వంటశాల గందరగోళమే.

క్యాన్సర్‌లో జరిగేది అదే. అండాశయ కణుతులు చాలావాటిలో లెట్-7 తగ్గిపోతుంది. అది అదుపులో పెట్టాల్సిన, కణాల్ని పెరగమని తొందరపెట్టే జన్యువులు రెచ్చిపోతాయి. మిర్-200 కుటుంబానిది తిరకాసు వ్యవహారం. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేలా చూస్తుంది కాబట్టి అది తగ్గితే కణాలు విడిపోయి వేరేచోటికి పాకుతాయి. కానీ మామూలు అండాశయంలో కన్నా కణితిలోనే అది ఎక్కువగా ఉన్నట్లు 2007లో తేలింది. మంచిదా చెడ్డదా అని ఒక్కమాటలో చెప్పలేం. ఇక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దోషి హెచ్‌పీవీ వైరస్. అది కణానికి కాపలా కాసే పి53 ప్రొటీన్‌ని నాశనం చేస్తుంది. దాంతో పి53 అండతో తయారయ్యే మిర్-34ఏ కూడా పడిపోతుంది.

రక్తంలో దొరుకుతాయా?

మామూలు ఆర్‌ఎన్‌ఏ రక్తంలో పడితే క్షణాల్లో ముక్కలైపోతుంది. ఈ చిట్టివి మాత్రం చిన్న చిన్న సంచుల్లో దూరో, ప్రొటీన్లకు అతుక్కునో భద్రంగా ఉంటాయి. అండాశయ క్యాన్సర్ ఉన్నవారి రక్తంలో అలాంటి సంచులున్నట్లు 2008లో గుర్తించారు. 2018లో జపాన్ పరిశోధకులు 4,046 రక్త నమూనాలను పరీక్షించారు. అందులో 428 అండాశయ కణుతులున్న మహిళలవి. కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కలిపి చూస్తే క్యాన్సర్ ఉన్నవారిని చాలా కచ్చితంగా వేరుచేయగలిగారు.

మరింకేం, రేపే పరీక్ష చేయించుకుందామా అంటే... ఆగాలి. వాళ్లు చూసినవి జబ్బు బయటపడ్డాక తీసి దాచిన నమూనాలు. ఆరోగ్యంగా తిరుగుతున్నవారిలో పరీక్షించడం వేరు. ఉదాహరణకి, పదివేల మందిలో ఐదుగురికే జబ్బుందనుకుందాం. పరీక్ష నూటికి ఒక్కసారే పొరబడినా, ఏమీలేని వందమందికి ‘క్యాన్సర్ ఉండొచ్చు’ అన్న చీటీ చేతికొస్తుంది. వాళ్లలో కొందరు ఆపరేషన్ బల్ల దాకా వెళ్తారు. పైగా బ్రిటన్ అనుభవం ఉండనే ఉంది. జబ్బు కనబడితే చాలదు, ప్రాణం నిలవాలి. ఇప్పటికైతే ఏ లక్షణాలూ లేనివారికి అండాశయ క్యాన్సర్ కోసం మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించుకోమని వైద్యుల సంఘాలేవీ చెప్పడం లేదు. ఎవరైనా ‘హెల్త్ ప్యాకేజీ’లో కలిపి అమ్మజూపితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మందుగా వాడే ప్రయత్నమూ జరిగింది. తగ్గిపోయిన మిర్-34ఏని బయటినుంచి అందిస్తే? కాలేయ క్యాన్సర్ సహా ముదిరిన కణుతులున్నవారికి ఇచ్చి చూశారు. కొందరిలో కణితి కుంచించుకుపోయింది. కానీ రోగనిరోధక వ్యవస్థ తిరగబడి కొందరు మరణించడంతో 2016లో ఆ ప్రయోగాన్ని ఆపేశారు.

కాబట్టి ఇవాళ్టికి మన చేతిలో ఉన్నది పాత పద్ధతే. ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండినట్లుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం... వీటిలో ఏదైనా ఈమధ్యే మొదలై నెలలో పన్నెండు రోజులకు మించి ఉంటుంటే గ్యాస్ మందు పక్కనపెట్టి గైనకాలజిస్టుకు చూపించాలి. అమ్మకో, అక్కచెల్లెళ్లకో, మేనత్తకో రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే, డాక్టరు అడిగేదాకా ఆగకుండా ఆ మాట ముందే చెప్పాలి.