అంతా మజూరీయే

రాజమహేంద్రవరంలో ఏ నగల కొట్టులో కొన్నా బిల్లు మీద సాధారణంగా ఈ లెక్కలు పడతాయి: బంగారం ధర, తరుగు, మజూరీ. అదే నగను పదేళ్ల తర్వాత మార్చబోతే కొట్టువాడు తూచేది బంగారాన్నే. స్వర్ణకారుడు రోజుల తరబడి తల వంచుకుని చేసిన పనికి ఆ వేళ విలువ ఉండదు. నగంటే లోహమని, పనంటే దాని మీద దండగ ఖర్చని మనకు ఇలాగే అలవాటైంది. ఇప్పుడు ఇళ్లలో ఆడవాళ్లు నేర్చుకుంటున్న లిక్విడ్ పాలిమర్ క్లే నగల్లో తూచి వెల కట్టేంత లోహమే లేదు. రాగి తీగ, కాస్త రంగు, కొన్ని చుక్కల జిగురులాంటి ద్రవం. తక్కినదంతా మజూరీయే. అందుకే దీన్ని చవక నగ అని చప్పరించేయకుండా, చేతిపనిగా గంటలతో లెక్కకట్టి ధర పెట్టాలంటాను. పనికి లెక్క కట్టకపోతే ఏమవుతుందో గోదావరి డెల్టా ఒకసారి చూసింది కూడా.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. క్లే అన్నారు కదా అని ఇందులో మట్టి ఉందనుకోకూడదు. ఇది పీవీసీ. మన ఇళ్లలో నీళ్ల గొట్టాలు ఏ ప్లాస్టిక్‌తో చేస్తారో, దాని మెత్తటి పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థంలో కలిపితే పాలిమర్ క్లే వస్తుంది. ఆ ప్లాస్టిసైజర్ పాలు పెంచితే పల్చబడి ధారగా జారుతుంది. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపడ్డ కేటె క్రూజె కూతురు సోఫీ, ముద్దుపేరు ఫీఫీ, ఇలాంటి ముద్దతో చేసిన ప్రయోగాలే ఫిమో అనే పాలిమర్ క్లేకు మొదలు. 1964లో ఎబెర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. ఫిమో అనే పేరులో మొదటి అక్షరం ఆ ఫీఫీదే. ఈ పదార్థం గాలికి ఎండదు, వేడి తగిలితేనే గట్టిపడుతుంది. రకాన్ని బట్టి 110 నుంచి 135 డిగ్రీల దాకా వేడి చేస్తే పొడి రేణువులు ప్లాస్టిసైజర్‌ను పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. లోహం మీద గాజుపొడి కరిగించి రంగులద్దే మీనా పనికి దాదాపు 800 డిగ్రీల వేడి కావాలి, కొలిమి కావాలి. అచ్చం మీనా కాకపోయినా, కంటికి దాని దగ్గరగా ఉండే పనిని ఈ ద్రవం బల్ల మీది ఓటీజీ ఓవెన్ దాకా తెచ్చింది. ఇందులో ఉన్న కొత్తదనం ఇదే.

ఒక జత మామిడిపిందె చెవి దుద్దులు తీసుకుందాం. సన్నని రాగి తీగను పిందె ఆకారంలో వంచి, లోపల గదులు చేసి, నున్నని టైలు మీద పరుస్తారు. ఆయిల్ రంగు కాస్త కలిపిన ద్రవాన్ని పంటిపుల్ల మొనతో ఒక్కో గదిలో దించుతారు. చుక్క ఎక్కువైతే తీగ దాటి పక్క గదిలోకి పారుతుంది, తక్కువైతే అంచు దగ్గర ఖాళీ మిగులుతుంది. బుడగ కనబడితే సూదితో గుచ్చి పైకి తేవాలి. ఆల్కహాల్ ఇంకు కలిపితే, ఆ ఆల్కహాల్ పూర్తిగా ఆరేదాకా ఆగాలి. లేకపోతే వేడికి పొంగి గుల్లబారుతుంది. పొర పోయడం, కాల్చడం, చల్లార్చడం, మళ్లీ పొర. చివర నీటిలో తడిపిన ఉప్పుకాగితంతో, గరుకు నుంచి నునుపుకి, నిదానంగా రుద్దాలి. అప్పుడు గానీ లోపలి రంగు లోతు పైకి తేలదు. ఖర్చయిన సరుకు చెంచాడు కూడా ఉండదు. పోయింది మధ్యాహ్నమంతా.

గోదావరి ఒడ్డున ఇంత ఒండ్రుమట్టి ఉండగా, కుమ్మరి ఆవాలు ఉండగా, ఈ పీవీసీ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. టెర్రకోట నగకు ఒక నిండుదనం ఉంది, పగిలినా మట్టికి హాని చేయని గుణం ఉంది. పీవీసీకి ఆ గుణం లేదు, కాబట్టి దీన్ని ‘మట్టి నగ’ అని అమ్మడం కొనేవాళ్లను మోసం చేయడమే. అట్ట మీద పాలిమర్ అనే రాయాలి. కానీ మట్టి చేయలేని పని ఒకటి ఇది చేస్తుంది: వెలుతురు దాటనిచ్చేంత పల్చన కావడం. పల్చదనానికి వెల కట్టడం డెల్టాకు ఒకరు నేర్పాలా? ఆత్రేయపురంలో బియ్యం పిండి నీళ్లలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క ఊపున లాగితే రేకు వస్తుంది. అందులో బియ్యం ఖరీదెంత? పూతరేకు ధరంతా ఆ చేతి ఊపుదే. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, చవక సరుకుని చేయి ఏ స్థాయికి తీసుకుపోగలదో ప్రభుత్వ కాగితం మీద కూడా ఎక్కిందన్నమాట. నగల్లోనూ ఇది వింతేం కాదు. హైదరాబాద్ లాడ్‌బజార్ గాజులు చెట్టు కొమ్మల మీద పురుగు పెట్టిన లక్కతో చేసినవే. ఆ లక్కను నిప్పు మీద మెత్తబరచి, గాజుగా చుట్టి, రాళ్లు ఒక్కొక్కటే పొదుగుతారు.

అయితే పనికి విలువ ఉండటం వేరు, ఆ విలువ పని చేసిన మనిషికి చేరడం వేరు. ఈ డెల్టాలోనే ఉన్న నర్సాపురం లేసు చూడండి. దారం చవక, క్రోషా సూది అంతకన్నా చవక, లేసు మాత్రం సముద్రాలు దాటి వెళ్లింది. మారియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త ఈ అల్లికల మీద చేసిన అధ్యయనం ‘ద లేస్‌మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ 1982లో అచ్చయింది. గంటల తరబడి అల్లే స్త్రీలను అందరూ గృహిణులనే అన్నారని, వాళ్ల శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా జమకట్టారని, ఆ మాట చాటునే కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని ఆమె వివరించారు. పువ్వు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. పూర్తయిన లేసు ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు, కాబట్టి సంతకు పోయి అమ్మగలిగేది మధ్యవర్తే. నర్సాపురం లేసుకూ 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే, కానీ ఊరి పేరుకు వచ్చిన గుర్తింపు అల్లిన చేతికి కూలిగా మారాలంటే గంటల లెక్క కావాలి.

లిక్విడ్ క్లే పనిలో ఒక మేలుంది. తీగ వంచడం నుంచి కొక్కెం తగిలించడం దాకా ఒక్క మనిషే చేయగలదు, తన పేరుతోనే అమ్ముకోగలదు. కానీ ‘ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేదే కదా’ అనే మాట అప్పుడే మొదలైంది. ద్రవం డబ్బా ధరకు పైన నాలుగు రూపాయలు వేసుకుని అమ్మే అలవాటు ఆ మాట వెంటే వస్తుంది. అలా అమ్మిన మనిషి తన మధ్యాహ్నాన్ని ఊరికే ఇచ్చేసినట్టే. పక్కింటావిడ ధరను కూడా దించినట్టే. ఇక తిరిగి అమ్మితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు జవాబు: ఏమీ రాదు. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి రోల్డ్‌గోల్డ్‌ను మనం తరాలుగా కొంటున్నది తాకట్టుకా? ఆపదలో ఆదుకునే బంగారం బంగారమే, దాని చోటు దానిదే. ఇది పెట్టుకోవడానికి కొనే నగ.

ఆరోగ్యం మాట మాత్రం తేలిగ్గా తీసుకోలేం. ప్లాస్టిసైజర్లలో కొన్ని రకాల థాలేట్లు పిల్లలకు మంచివి కావని తేలి, అమెరికా 2008 చట్టంతో పిల్లల వస్తువుల్లో వాటిని కట్టడి చేసింది. పేరున్న కంపెనీలు మిశ్రమాలు మార్చుకున్నాయి. అందుకే అట్ట మీద వివరం లేని డబ్బా చవకగా దొరికినా వద్దు. వేడి బాగా మితిమీరి పదార్థం మాడితే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కళ్లూ గొంతూ మండుతాయి. తిండి వండే ఓవెన్‌లో ఇది పెట్టకూడదు. కిటికీ తెరిచి ఉంచాలి. ఓటీజీ మీది అంకెను నమ్మకుండా లోపల విడిగా ఒక థర్మామీటరు పెట్టాలి. మే నెలలో రాజమండ్రి ఎండకు గదిలో వదిలేసిన డబ్బా చిక్కబడి పాడవుతుంది, చల్లని చోట దాచాలి. వీటన్నిటికీ డబ్బూ జాగ్రత్తా ఖర్చవుతాయి. అవీ మజూరీలో చేరాల్సినవే.

కొనేవాళ్లకు బంగారానికి గీటురాయి ఉన్నట్టే దీనికీ ఒక పరీక్ష ఉంది. తీగ లేని పల్చటి రేకులాంటి ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా వంచితే, సరిగ్గా కాలినదైతే వంగి మళ్లీ నిటారుగా లేస్తుంది. వేడి చాలనిదైతే పుటుక్కున విరుగుతుంది. అమ్మకం బల్ల మీద అలాంటి ముక్క ఒకటి విడిగా పెట్టి, వంచి చూసుకోమని కొనేవారి చేతికే ఇవ్వవచ్చు.