ఇద్దరుంటే నేరం

జిల్లా ఎడిషన్లలో తరచూ కనిపించే వార్తే: ‘వ్యభిచార గృహం గుట్టురట్టు’. పక్కన ఫొటో. చున్నీలతో ముఖాలు కప్పుకుని నేలమీద కూర్చున్న ఆడవాళ్లు, వెనక వరసగా పోలీసులు. నిర్వాహకురాలి అరెస్టు, విటుడి పరారీ అంటూ నాలుగు ముక్కలు. అది చదివినవాళ్లలో చాలామంది, ఒళ్లమ్ముకోవడమే మన దేశంలో నేరమనుకుంటారు.

కాదు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ఆ పనిని ఎక్కడా నేరమనలేదు. మేజరైన మహిళ తన ఇష్టంతో, తన గదిలో, ఒంటరిగా ఆ పని చేస్తే శిక్ష లేదు. చిక్కంతా ఆ పని చుట్టూ ఉండే బతుకుతోనే. ఒంటరిగా ఉండటానికి భయపడి ఇంకో మహిళను తోడు తెచ్చుకుని, ఇద్దరూ ఆ ఇంట్లోనే సంపాదించుకుంటే అది చట్టం దృష్టిలో వ్యభిచార గృహం. ఆమె సంపాదన మీద తెలిసి బతికేవాళ్లకు పద్దెనిమిదేళ్లు దాటితే సెక్షన్ 4 కింద రెండేళ్ల దాకా జైలు. డిగ్రీ చదివే కొడుక్కైనా, మంచాన పడ్డ తల్లికైనా చట్టంలో మినహాయింపు లేదు. గుడికో బడికో ఆస్పత్రికో 200 మీటర్ల లోపు గది ఉంటే మరో సెక్షన్. మన ఊళ్లలో ఆ దూరం దాటి గది దొరికే వీధి ఏదో చూపించండి.

సెక్షన్ 8 మరీ విచిత్రం. నడిరోడ్డు మీద సైగ చేసిన ఆడమనిషికి ఆర్నెల్ల దాకా శిక్ష. అదే తప్పు మగవాడు చేస్తే మూడు నెలలకు మించదు. జైలుకు బదులు రెండు నుంచి అయిదేళ్లు దిద్దుబాటు కేంద్రంలో ఉంచే ఏర్పాటు కూడా ఆడవాళ్లకే. మన పార్లమెంటు రాసిన చట్టమే ఇది, మనువు రాసింది కాదు.

ఇక ‘చట్టబద్ధం చేయాలా, వద్దా’ అంటూ టీవీల్లో సాగే వాదన. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. లైసెన్సు ఇవ్వడం ఒకటి, ఆ మహిళ మీద నుంచి కేసు తీసేయడం మరొకటి.

లైసెన్సు మనకు కొత్తేం కాదు. తెల్ల సిపాయిలకు సుఖవ్యాధులు రాకూడదని ఇంగ్లీషువాళ్లు 1868లో చట్టం తెచ్చి, పెద్ద నగరాల్లో ఈ వృత్తిలోని ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్లలో ఎక్కించారు. బలవంతంగా వైద్య పరీక్షలు చేయించేవారు. జబ్బని తేలితే లాక్ హాస్పిటల్లో బంధించేవారు. సిపాయిలకు మాత్రం రిజిస్టరూ లేదు, బందిఖానా లేదు. కలకత్తాలో ఎందరో ఆ పరీక్షలు తప్పించుకోవడానికి ఫ్రెంచివాళ్ల చందర్‌నగర్‌కు పారిపోయారు. ఇరవై ఏళ్లకు, 1888లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. లైసెన్సు తెస్తే అన్నీ సర్దుకుంటాయనేవారు ఆ చరిత్రను ఒకసారి చదవాలి.

జర్మనీ 2002లో ఈ వృత్తిని చట్టబద్ధమైన వ్యాపారంగా గుర్తించింది. లాభపడింది ఎక్కువగా యజమానులే. స్టుట్‌గార్ట్‌ దగ్గరి ‘పారడైజ్’ అనే భారీ వేశ్యాగృహం యజమానికి, మనుషుల అక్రమ రవాణాకు తోడ్పడ్డాడని 2019లో అయిదేళ్ల జైలు పడింది. న్యూజిలాండ్ దారి వేరు. 2003లో 60-59 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో, అక్కడి పార్లమెంటు ఈ వృత్తిలోని వాళ్ల మీద నేరం ముద్ర చెరిపేసింది. నలుగురి దాకా మహిళలు, తమకు తామే యజమానులుగా, ఒకే ఇంట్లో పనిచేసుకోవచ్చు. అనుమతి పత్రం అక్కర్లేదు. 2014లో ఒక మహిళ తన యజమాని లైంగికంగా వేధించాడని ట్రైబ్యునల్‌కెక్కి 25 వేల డాలర్ల పరిహారం గెలిచింది. మన దగ్గర అలాంటి మనిషి స్టేషన్ మెట్లెక్కితే ముందు ఆమె మీదే కేసు రాస్తారేమో! అయితే ఆ చట్టానికీ ఒక మచ్చ ఉంది. తాత్కాలిక వీసా మీద వచ్చిన విదేశీ మహిళలకు ఈ రక్షణ లేదు. దాక్కుని బతికేది ఇప్పుడు వాళ్లే.

ఇద్దరు తెలుగు న్యాయమూర్తులు

మన చట్టం కథలో ఇద్దరు తెలుగువాళ్లున్నారు. ఈ వృత్తిలోని మహిళను మేజిస్ట్రేటు ఊరి నుంచి వెళ్లగొట్టడానికి వీలిచ్చే సెక్షన్ 20 రాజ్యాంగబద్ధమేనని, కాన్పూరు మహిళల కేసులో 1963లో తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు కూడా రాకూడదని 1967లో గోలక్‌నాథ్ కేసులో తేల్చిందీ ఆయనే. ఆ హక్కుల్లో కాన్పూరు మహిళలకు మాత్రం వాటా దక్కలేదు.

రెండో వ్యక్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు. కలకత్తాలో హత్యకు గురైన ఒక సెక్స్ వర్కర్ కేసు నుంచి పుట్టిన విచారణలో, 2022 మే 19న ఆయన నాయకత్వంలోని ధర్మాసనం ఆదేశాలిచ్చింది. వాళ్లనూ పౌరులుగా గౌరవించాలి, అత్యాచారానికి గురైతే వెంటనే వైద్యం అందించాలి, దాడుల సమయంలో వాళ్లెవరో పత్రికలు బయటపెట్టకూడదు, కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు. ఈ చివరి మాట తెలుగువాళ్లకు బాగా అర్థమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్ఐవీ విజృంభించిన రోజుల్లో, సెక్స్ వర్కర్లే తోటివాళ్ల దగ్గరికెళ్లి కండోమ్‌లు అలవాటు చేశారు. ఒక శాఖ పంచిపెట్టిన వాటిని ఇంకో శాఖ పంచనామాలో ఎక్కించింది.

తర్వాత మాత్రం ‘వ్యభిచారానికి సుప్రీం ఓకే’ తరహా శీర్షికలు వచ్చాయి. అది అబద్ధం. ఇష్టపూర్వకంగా ఉన్న మేజర్ల మీద పోలీసులు చర్య తీసుకోకూడదన్న, కోర్టు వేసిన కమిటీ సిఫారసుకు కేంద్రం అభ్యంతరం చెప్పింది. కోర్టు అలాంటివాటిని పక్కనబెట్టి, అభ్యంతరం లేని సిఫారసులనే అమలు చేయమని ఆదేశించింది.

పిల్లల మాటేమిటి?

వ్యతిరేకించేవారి మాట కొట్టిపారేయలేం. 1996లో హైదరాబాద్ మహబూబ్ కీ మెహందీ అనే రెడ్‌లైట్ ప్రాంతాన్ని ఖాళీ చేయించినప్పుడు, అక్కడి పిల్లల కోసం బడి పెట్టి ‘ప్రజ్వల’ సంస్థను నడిపిన సునీతా కృష్ణన్ చట్టబద్ధతను గట్టిగా వ్యతిరేకిస్తారు. డిమాండ్ పెరిగితే సరఫరాకు అమ్మాయిల్ని తెస్తారన్నది ఆ వాదన. 2018లో యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు విడిపించిన చిన్నపిల్లల సంగతి గుర్తుంటే, ఆ భయం ఊహ కాదని తెలుస్తుంది. త్వరగా ఎదగాలని వాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారన్న వార్తలకు రాష్ట్రమంతా వణికింది.

మైనరు విషయంలో ఇష్టం అన్న మాటే లేదు. పోక్సోనూ, మనుషుల రవాణా నేరాన్నీ ఎవరూ ముట్టుకోకూడదు. కానీ వీధిలోకి కొత్తగా ఒక పిల్ల వచ్చిందని ముందు తెలిసేది ఎవరికి? పక్క గదిలో ఉన్న ఆడమనిషికి. కలకత్తా రెడ్‌లైట్ ప్రాంతం సోనాగాచిలో సెక్స్ వర్కర్ల ‘దుర్బార్’ సంఘం మహిళలు కొత్తవాళ్ల వయసు తామే విచారించే పద్ధతి పెట్టుకున్నారు. స్టేషన్‌కు వెళ్తే తనకే సంకెళ్లు పడతాయని, నెలనెలా మామూలు అడుగుతారని భయపడే మనిషి ఆ సంగతి పోలీసులకు ఎందుకు చెబుతుంది? చట్టం ఆమెను భయపెట్టినంతకాలం బ్రోకర్ భద్రంగా ఉంటాడు.

అందుకే కావలసింది లైసెన్సు కాదు, యజమానులకు స్వేచ్ఛా కాదు. సెక్షన్ 8 పోవాలి. కలిసి ఉండే ఇద్దరు మహిళల ఇంటిని వ్యభిచార గృహమనే నిర్వచనం మారాలి. సెక్షన్ 4 నుంచి కన్నవాళ్లకూ పిల్లలకూ మినహాయింపు ఇవ్వాలి. అమ్మేవాడికీ, బంధించేవాడికీ శిక్షలు అలాగే ఉండాలి. కోర్టు వేసిన కమిటీ సిఫారసులతో ముసాయిదా చట్టం ఉందని 2016లోనే కోర్టుకు తెలిసింది. ఆరేళ్లయినా అది చట్టం కాకపోవడంతోనే 2022లో న్యాయమూర్తులు రాజ్యాంగంలోని 142వ అధికరణం ఇచ్చే ప్రత్యేకాధికారాన్ని వాడాల్సి వచ్చింది. మిగతా పని పార్లమెంటుదే.