గల్లగురిగి పోయె... ఫోను వచ్చె!

మైలార్‌దేవ్‌పల్లి: పాస్‌బుక్కులో పద్దులు ఎక్కించుకునేందుకు బ్యాంకుకు వెళ్ళినప్పుడు గానీ తమ ఇంట్లో దొంగ పడ్డాడన్న సంగతి పలువురు తల్లిదండ్రులకు తెలియడం లేదు. తీరా ఆరా తీస్తే ఆ దొంగ ఎవరో కాదు. ఏడో తరగతో, ఎనిమిదో తరగతో చదువుతున్న సొంత బిడ్డే. కన్నం వేయలేదు, బీరువా తాళం పగులగొట్టలేదు. ఫోనులో ఆట ఆడుకున్నాడు, అంతే!

కాటేదాన్ పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో భార్యాభర్తలిద్దరూ కార్ఖానా పనికి వెళ్ళే ఇళ్ళు అనేకం. బడి విడిచాక పిల్లలకు తోడు ఫోను ఒక్కటే. శంషాబాద్, మహేశ్వరం వైపు పల్లెల్లోనూ పరిస్థితి ఇంతకంటె మెరుగ్గా లేదు. అక్కడ తల్లిదండ్రులు చేలోకి వెళితే, ఇక్కడ షిఫ్టుకు వెళతారు. తేడా అంతే.

ఫోను ద్వారా డబ్బు చెల్లించే యూపీఐ పద్ధతి 2016లో వచ్చింది. అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. నాటి నుంచి కిరాణా కొట్టు మొదలు కల్లు దుకాణం దాకా గోడలకు నలుపు తెలుపు గళ్ళ కాగితాలు వెలిశాయి. చదువురాని తండ్రికి ఈ లెక్క అర్థం కాదు. అందువల్ల ఇంట్లో నాలుగక్షరాలు నేర్చిన పిల్లవాడే మునీము అయ్యాడు. గ్యాసు బండకు డబ్బు కట్టేది వాడే, కరెంటు బిల్లు కట్టేది వాడే, ఖాతాలో ఎంత ఉందో చూసి చెప్పేది కూడా వాడే. రహస్యంగా ఉండవలసిన పిన్ నంబరు తండ్రికి గుర్తుండదు గానీ, కొడుకుకు కంఠతా వచ్చు. పదమూడేళ్ళ పసివాడి చేతికి ఇనప్పెట్టె తాళాలిచ్చి, లెక్క కూడా నువ్వే చూసుకోమన్నట్లయింది. ఇందులో తప్పంతా పిల్లలదే అనడం సబబు కాదు.

ఈ వ్యవహారం ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2022 జూన్‌లో హైదరాబాదు అంబర్‌పేటకు చెందిన 16 ఏళ్ళ బాలుడు ఫ్రీ ఫైర్ అనే తుపాకుల ఆటపై తల్లి బ్యాంకు ఖాతాల్లోని సుమారు 36 లక్షల రూపాయలు ఖర్చు చేసిన సంగతి బయటపడింది. డబ్బు తీసుకునేందుకు బ్యాంకుకు వెళితే ఖాతాలో ఏమీ లేదన్నారు. అప్పుడు ఆ తల్లి సైబర్ నేర విభాగం పోలీసులను ఆశ్రయించారు. ఆ సొమ్ము ఒక్కసారిగా పోలేదు. తొలుత వందల్లో, వేలల్లో మొదలై లక్షలకు చేరింది.

ఇంతకూ ఈ ఆటల్లో కొనేదేమిటి? ఆటలోని సిపాయికి కొత్త చొక్కా, తుపాకీకి రంగు, వజ్రాలనే పేరుతో కొన్ని అంకెలు! అసలు ఆట ఉచితమే. దోస్తుల సిపాయి తళతళలాడుతుంటే తన సిపాయి వెలవెలబోతే పిల్లవాడికి నామోషీ. ఆ నామోషీయే కంపెనీలకు పెట్టుబడి. రూపాయలు చెల్లించి వజ్రాలు కొంటారు, వజ్రాలు పెట్టి చక్రం తిప్పుతారు. ఏ వస్తువు వస్తుందో ముందు తెలియదు. జాతరలో రింగులాట ఆడినవారికి ఈ కిటుకు కొత్త కాదు. కాకపోతే జాతరలో జేబు ఖాళీ కాగానే ఆట ఆగేది. ఇక్కడ జేబుకు అడుగు లేదు.

జిల్లా రైతులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు తొలి విడత చెక్కుల రూపంలో చేతికే ఇచ్చారు. ఆ పిమ్మట సొమ్ము ఖాతాలో పడుతోంది. రైతు భరోసా కింద ఎకరాకు సీజనుకు 6 వేలు వచ్చినా, పంట అమ్మిన డబ్బు వచ్చినా చేరేది ఆ ఖాతాకే. ఆ ఖాతా ముడిపడి ఉన్నది పిల్లవాడి చేతిలోని ఫోనుకే. విత్తనాలకని ఉంచిన డబ్బు సిపాయి చొక్కాలకు పోతే అదనుకు అప్పు ఎవరిస్తారు?

పిన్ నంబరు చెప్పలేదు గదా అని నిశ్చింతగా ఉండడానికీ వీల్లేదు. చిన్న చెల్లింపుల కోసం యూపీఐ లైట్ అనే ఏర్పాటు ఉంది. దీనిలో ముందుగా కొంత సొమ్ము నింపి ఉంచితే, పిన్ నొక్కకుండానే ఖర్చవుతుంది. ఒక్కో చెల్లింపుకు 1,000, మొత్తం నిల్వకు 5,000 రూపాయల వరకు రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో పరిమితి పెంచింది. ఇందులో చేసే చిల్లర ఖర్చులు విడివిడిగా పాస్‌బుక్కులో ఎక్కవు. నింపిన మొత్తం మాత్రమే కనిపిస్తుంది. పిల్లల చేతికి ఫోను ఇచ్చే ఇళ్ళలో ఈ ఏర్పాటు తీసివేయడమే మేలు.

ఒక రూపాయికే నెల రోజుల సినిమాలు అంటూ ఊరించే ప్రకటనలదీ ఇదే దారి. రూపాయి కట్టేటప్పుడే ఆటోపే అనే దానికి సమ్మతి తీసుకుంటారు. గడువు ముగిశాక నెలనెలా వందల్లో కోత పడుతుంది. డబ్బు తీసే 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన. కబురు వస్తూనే ఉంటుంది. వచ్చేది సాధారణంగా ఇంగ్లీషులో, చేరేది పిల్లవాడి చేతిలోని ఫోనుకు! యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట చూస్తే ఇలాంటి సమ్మతులు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, అక్కడే రద్దు చేసుకోవచ్చు.

కాగా, ఆన్‌లైన్ ఆటలను ప్రభుత్వం నిషేధించింది గదా అని కొందరు భ్రమపడుతున్నారు. పందెం కట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పందెపు ఆటలు నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే వజ్రాలు, చొక్కాలు కొనే ఆటలు పందెం కిందికి రావు. వాటి పని యథాప్రకారం సాగుతూనే ఉంది.

పోయిన సొమ్ము తిరిగి వస్తుందా? మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. అలాగని కంపెనీ మీద దావాకు ఏ కూలీ వెళ్ళగలడు? గూగుల్ ప్లే ద్వారా కొన్నదైతే 48 గంటల లోపు అర్జీ పెట్టుకుంటే కొంత ఆశ ఉంటుంది. ఆ గడువు దాటితే ఆట తయారుచేసిన కంపెనీనే అడుక్కోవాలి. ఎవరైనా అపరిచితుడు పిల్లవాణ్ణి మోసగించి డబ్బు లాగితే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

ముందుజాగ్రత్త పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. వేలిముద్ర పెట్టుకుంటే ఆ ఫోనులో పిల్లవాడి వేలిముద్ర కూడా నమోదై ఉందేమో చూసుకోవాలి మరి! పంట డబ్బు, చీటీ డబ్బు ఉండే ఖాతాను ఫోనుకు తగిలించకుండా, ఇంటి ఖర్చుకు వేరొక చిన్న ఖాతా ఉంచుకోవడం అన్నిటికంటె భద్రం. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ అనే పద్ధతిలో, ఇంట్లో వేరొకరు చెల్లింపు మొదలుపెట్టినా ఖాతాదారు తన ఫోనులో పిన్ నొక్కితేనే డబ్బు కదిలేలా ఏర్పాటు చేసుకోవచ్చు.

అయితే తాళాలు బిగించినంత మాత్రాన పైసా విలువ తెలియదు. పూర్వం ప్రతి ఇంటా మట్టి గల్లగురిగి ఉండేది. చుట్టాలిచ్చిన చిల్లర అందులో పడేది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే ఎంత నిండిందో చప్పుడే చెప్పేది. 1970, 80 దశకాల్లో అనేక బడుల్లో సంచయిక పేరుతో పొదుపు బ్యాంకు నడిచేది. పిల్లలే జమ చేసేవారు, పిల్లలే పద్దులు రాసేవారు. ఫోనులో డబ్బుకు చప్పుడు లేదు, బరువూ లేదు. నోటు చేయి మారితే మనసు చివుక్కుమంటుంది, తెరమీద అంకె మారితే ఏమీ అనిపించదు. పెద్దవాళ్ళకే అనిపించనప్పుడు పిల్లలకేం అనిపిస్తుంది?

కనుక వారానికి కొంత అని నోట్ల రూపంలో చేతికిచ్చి, అయిపోతే మళ్ళీ వారం దాకా ఇవ్వకపోవడం మంచిది. ఏడ్చినా సరే. అంగడికి పంపి కూరగాయలు బేరమాడి తెమ్మనవచ్చు. కూలి రోజుకు 600 అనుకుంటే, 300 రూపాయల వజ్రాలంటే అమ్మ ఎండలో వంగి చేసిన సగం రోజు పని. ఈ లెక్క పిల్లవాడి చేతనే కాగితం మీద వేయించాలి. తిట్లకూ దెబ్బలకూ లొంగని పిల్లలు లెక్కకు లొంగుతారు. ఈ విషయంలో తండ్రులు కూడా కొంత తగ్గాలి. తాము రాత్రంతా రీళ్ళు చూస్తూ పిల్లవాడి చేతిలో ఫోను లాక్కుంటే వాడు వింటాడా?

పదేళ్ళు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకునేందుకు పోస్టాఫీసులో వీలుంది. కనీసం 500 రూపాయలతో ఖాతా తెరవవచ్చు. బ్యాంకుల్లోనూ పదేళ్ళు దాటినవారికి తమ పరిమితులకు లోబడి ఖాతా ఇవ్వవచ్చని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు తెలిపింది. మైనరు ఖాతాలో ఉన్న డబ్బుకు మించి తీయడానికి వీలుండదు. ఆడపిల్ల పేరిట సుకన్య సమృద్ధి ఖాతా కావాలంటే పదేళ్ళ లోపే తెరవాలి, 250 రూపాయలు చాలు. పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్ కార్డులు, ఫొటోలు వెంట తీసుకువెళ్ళాలి. పిల్లవాణ్ణి కూడా తోడు తీసుకువెళ్ళి, ఫారం వాడి చేతనే నింపించవచ్చు.