ఫీజు లేదు సరే, ఖర్చు మాటేమిటి?

జర్మనీ చదువు మాటెత్తితే మన ఇళ్లలో ముందు వినిపించేది 'అక్కడ ఫీజులుండవట' అనే. చాలావరకు నిజమే. 2014 చివరికల్లా ఆ దేశంలోని రాష్ట్రాలన్నీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఎత్తేశాయి. తర్వాత కొన్ని మినహాయింపులు వచ్చాయి. హైడెల్‌బర్గ్, స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాల సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే ఇలాంటి దేశాల మాస్టర్స్ విద్యార్థులకు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 లేదా 6,000 యూరోలు పెట్టింది. ప్రైవేటు విద్యాసంస్థల లెక్క పూర్తిగా వేరు.

ఫీజు లేనిచోట కూడా సెమిస్టర్ చందా కట్టాల్సిందే. సాధారణంగా వంద నుంచి నాలుగు వందల యూరోలు ఉంటుంది. అందులో కొంత విద్యార్థి సంఘానికి, కొంత 'స్టుడీరెండెన్‌వెర్క్' అనే విద్యార్థి సంక్షేమ సంస్థకు పోతుంది. చాలాచోట్ల బస్సు, రైలు పాసు కూడా అందులోనే వస్తుంది. గడువులోగా చందా కట్టకపోతే పేరు కొట్టేస్తారు.

మన దగ్గర హాస్టలూ మెస్సూ కాలేజీవే. అక్కడ విశ్వవిద్యాలయం పాఠం చెబుతుంది, పరీక్ష పెడుతుంది. వసతిగృహాలు, 'మెన్సా' అనే భోజనశాలలు సంక్షేమ సంస్థ చేతిలో ఉంటాయి. మెన్సాలో ఒకే కూరకు మూడు ధరలు రాసి ఉంటాయి: విద్యార్థికి ఒకటి, ఉద్యోగికి ఒకటి, బయటివారికి ఒకటి. ట్రే పట్టుకుని వరుసలో నిలబడి, కౌంటర్ దగ్గర విద్యార్థి కార్డు ఆనిస్తే తక్కువ ధర పడుతుంది. మిగతా భారం ప్రభుత్వ గ్రాంటు, అందరూ కట్టిన సెమిస్టర్ చందా మోస్తాయి.

చిక్కంతా గదితోనే. సీటు వచ్చినంత మాత్రాన వసతిగృహంలో చోటు రాదు. దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి. పెద్ద నగరాల్లో నెలల తరబడి వెయిటింగ్ లిస్టు ఉంటుంది. మాగ్డెబర్గ్, కెమ్నిట్జ్ లాంటి తూర్పు ఊళ్లలో మూడు వందల యూరోల చుట్టుపక్కల గది దొరుకుతుంది. మ్యూనిక్‌లో బయట గది తీసుకుంటే ఏడు వందలు దాటడం మామూలే. పైగా డిపాజిట్ ఉంటుంది. హీటింగ్ వగైరా కలపని మూల అద్దెకు మూడు రెట్ల దాకా అడగొచ్చు. ప్రకటనలో చూసిన అద్దెలో హీటింగ్ కలిసిందో లేదో అడిగి తెలుసుకోకపోతే చలికాలంలో చెయ్యి కాలుతుంది.

వసతిగృహంలో వంటగది చాలాచోట్ల ఉమ్మడిదే. ఫ్రిజ్‌లో తలా ఒక అర, అల్మారాలో తలా ఒక గడి. ఎండుమిర్చి తాలింపు ఘాటుగా వేస్తే సీలింగ్ మీది స్మోక్ డిటెక్టర్ గోల పెట్టే ప్రమాదముంది. కిటికీ తెరిచి పోపు వేయడం మనవాళ్లు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. చెత్తనూ రకాలవారీగా వేరుచేయాలి. ఆదివారం దుకాణాలు మూతపడతాయి కాబట్టి సరుకులు శనివారమే తెచ్చుకోవాలి.

వీసాకు, ఖర్చులకు డబ్బుందనే రుజువుగా చాలామంది బ్లాక్డ్ అకౌంట్ చూపిస్తారు. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ఉండాలి. యూరో వంద రూపాయలనుకుంటే పన్నెండు లక్షలు. ఇది ఎవరికో కట్టే ఫీజు కాదు; మన డబ్బే, నెలకు 992 చొప్పున మనకే విడుదలవుతుంది. అందులోంచే అద్దె, తిండి, ముప్ఫై ఏళ్లలోపు విద్యార్థికి నెలకు దాదాపు 150 యూరోలయ్యే ఆరోగ్య బీమా, ఇంటికింతని వేసే 18.36 యూరోల ప్రసార రుసుము వెళ్లాలి. ఏడు వందల గదిలో ఉన్నవాడికి వీటి తర్వాత మిగిలేది నూట పాతిక కూడా కాదు. తిండికే చాలదు. మూడు వందల గదిలో ఉన్నవాడు నెట్టుకొస్తాడు.

పార్ట్‌టైమ్ ఉందిగా అంటారు. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయడానికి అనుమతి ఉంది. 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. కానీ భాష రానివారికి పని దొరకడానికి టైము పడుతుంది. ఆ ఆదాయాన్ని మొదటి సెమిస్టర్ లెక్కలో వేసుకోకపోవడమే మేలు.

కాబట్టి పిల్లల్ని జర్మనీ పంపాలనుకునే అమ్మానాన్నలు 'ఫీజెంత?' దగ్గరే ఆగిపోకూడదు. ఏ ఊరు, గది దొరికిందా, అద్దెలో ఏమేం కలిశాయి, సెమిస్టర్ చందాలో రైలు పాసు ఉందా అని కూడా అడగాలి. ఒకే డిగ్రీకి రెండు ఊళ్ల మధ్య రెండేళ్లలో దాదాపు పది లక్షల తేడా తెచ్చేవి ఈ ప్రశ్నలే.